పలుకుతోడు

ఆ వేసవిలో మావారి నోట మిగిలిన మాట ఒక్కటే. అది ‘తూకం’.

బళ్లారి బజారులో ఇత్తడి, రాగి పాత్రలు తూచి అమ్మిన చేయి వారిది, నా భర్త విరూపాక్షయ్యగారిది. మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, బిందెను త్రాసులో పెట్టబోతూ అంగడిలోనే పక్కకు ఒరిగిపోయారు. ఆసుపత్రి నుంచి ఉగాదికి ముందు ఇంటికి తెచ్చుకునేనాటికి కుడిచేయి స్వాధీనం తప్పింది, కుడివైపు చూపు సన్నగిల్లింది, మాటలన్నీ వెళ్లిపోయి ఆ ఒక్కటి మాత్రం నిలిచింది. దాహమైనా తూకమే, తువ్వాలు కావలసినా తూకమే. కోడలు సుచరిత వడ్డిస్తూ ఉంటే చాలునని చేయి అడ్డం పెట్టి, తూకం అనేవారు. తప్పు మాట వచ్చిందని వారికి తెలుసు. అన్న మరుక్షణమే కళ్లు మూసుకొని, తల అడ్డంగా ఊపి, ఊపిరి కూడగట్టుకొని మళ్లీ ప్రయత్నించేవారు. మళ్లీ అదే వచ్చేది.

నా చిన్నతనమంతా పురాణ కాలక్షేపం జరిగే ఇంట గడిచింది. మా నాయన నాకు అక్షరాలతో పాటే గణాలు నేర్పాడు. వాక్కు దేవత అని, ఆ దేవత నాలుక చివర కొలువుంటుందని బాల్యంలోనే వల్లించాను. ఆమె అలిగి లోపలి గదిలోకి వెళ్లి గడియ వేసుకుంటే బయట నిలబడినవారు ఏం చేయాలో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

మాట పోయినవారికి మాట నేర్పే ఆమె అనంతపురంలో ఒకరున్నారని పెద్ద డాక్టరే చెప్పారు. పేరు ఝాన్సీలక్ష్మి. ఆ ఎండల్లో రోగికి ప్రయాణం కూడదన్నారు కనుక మా అబ్బాయి దీపక్ ఫోనులోనే ఆమెను చూపించాడు. చిన్న వయసే గాని నిదానం గల మనిషి. వారిని చాలాసేపు పరీక్షించి, నాతో విడిగా మాట్లాడింది.

“అమ్మా, ఆయనకు అంతా అర్థమైతాంది. మాట లోపలే ఉండాది, బయటికొచ్చే దారే చెడింది. ఈ మొదటి నెలల్లో ఎంత తిరిగొస్తే అంత. వానలు పడేలోపల మనం గట్టిగా పట్టుకోవాల.”

అయితే ఆమె చూపించే బొమ్మలు ఆ ఫోను పలకలో గోరంతగా కనబడేవి. అందులోనూ కుడి సగం వారి చూపుకు అందేది కాదు. ఆవు బొమ్మ చూపితే తోక చూసేవారు, తల చూసేవారు కాదు. రెండుసార్లు చూసి ఆమె స్పష్టంగా చెప్పేసింది, పెద్ద తెర ఉంటే తప్ప ఈ పాఠం సాగదని. చైత్రం అప్పటికే సగం గడిచింది.

పెద్ద తెర అంటే మా ఇంట ఉన్నది అంగడి లెక్కల కోసం దీపక్ ఎప్పుడో కొన్న ల్యాప్‌టాప్ ఒక్కటే. అది వారికంటే ముందే జబ్బుపడింది. మీట నొక్కితే లోపల ఎవరో గోటితో గీకుతున్నట్టు చప్పుడయ్యేది. నల్లని తెర మీద ఒక తెల్లని గీత మినుకు మినుకుమంటూ నిలిచిపోయేది. బాగుచేసే హులిగేశ్ ఇంటికి వచ్చి, చెవి ఆనించి విని, లేచాడు.

“దీపకప్పా, ఇది ముగీతు, అయిపోయె. డిస్కు పోయిండాది. ఇంత పాతదానికి కొత్త విండోసు ఎక్కదు. ఊరికే దీనెంట తిరగద్దు.”

 ఆసుపత్రి ఖర్చుల తర్వాత కొత్త వస్తువు మాట మా ఇంట ఎవరూ ఎత్తడం లేదు. అప్పుడు తలుపు దగ్గర నిలబడి వింటున్న సుచరిత, ఇంకొక దారి ఉందని మెల్లగా అంది. ఆమె పుట్టిల్లు బండ్రి. ఆమెతో హొసపేటలో చదివిన బిందుశ్రీ ఇప్పుడు కంప్యూటర్ల కొలువులో ఉంది. లినక్స్ అని ఒకటుందట, వెల లేనిదట. చిటికెనవేలంత పెన్‌డ్రైవులో దాన్ని ఎక్కించి యంత్రానికి గుచ్చితే, పాడైన డిస్కుతో పని లేకుండా పెన్‌డ్రైవు నుంచే యంత్రం నడుస్తుందట. హులిగేశ్ నవ్వి, చూడమ్మా మరి, నీ చేతి గుణం అని వెళ్లిపోయాడు.

ఇక్కడ మా అంగడి ఆచారం ఒకటి చెప్పాలి.

మా వివాహమైన మరుసటి ఏడు మావారు సొంతంగా అంగడి తెరిచినప్పుడు మా నాయన ఒక తేటగీతి చెప్పి అల్లుడి చేతిలో పెట్టాడు.

తలుపు తీయక మున్ను నీ తలపు తీయ
త్రాసు పట్టక మున్ను నీ తత్త్వమెఱుఁగ
బేరమాడక మున్ను నీ పేరు పలుక
పంపవిభుఁడ! నాకిమ్ము నీ పలుకుతోడు.

హంపి స్వామిని తలచి చెప్పిన పద్యం. మావారికి పద్యాలతో పరిచయం లేదు. జీవితంలో వారు నేర్చినది ఈ ఒక్కటే. నాటి నుంచి ప్రతి ఉదయం షట్టరు మీద చేయి వేసి, ఇది పాడిన తర్వాతే పైకి ఎత్తేవారు. అంగడికి కొత్త త్రాసు వచ్చినా, కొత్త తూకపు రాయి వచ్చినా అదే వరుస: ముందు గంధం, తర్వాత కుంకుమ, పిమ్మట పద్యం, ఆపైనే దానితో పని. పాడే తీరు మాత్రం వారిదే. మూడవ పాదంలో ‘పేరు’ దగ్గర ఆగి, ‘పే’ను వేలంపాటలో ధర పిలిచినట్టు బజారు చివరిదాకా సాగదీసేవారు. యతిస్థానం దగ్గర అలా సాగదీయకూడదని నేను ఎన్నేళ్లు చెప్పానో లెక్క లేదు. ఆవలి మెట్ల మీద పూలు అమ్మే గాళెప్ప అయితే, శెట్రే, మీ పాట ఇని నా మల్లెలు అప్పుడే వాడిపోతాండాయి, అని రోజూ పరాచికమాడేవాడు.

వారు మంచం పట్టిన తర్వాత ఆ పద్యం ఎవరూ పాడలేదు. షట్టరు ఎత్తే చేతిదే ఆ పద్యం. నువ్వైనా పాడరా అని ఒకసారి దీపక్‌ను అడిగాను.

“నాయన ఉండంగా నేనెట్ల పాడేదిమా. నా నోరు రాదు.”

నేనూ పాడలేదు. ఇంట్లో సంస్కృత స్తోత్రాలు అన్నీ వినిపించాను. వారు మర్యాదగా వినేవారు, అంతే. అంగడి పద్యాన్ని వారి బదులుగా నేను అందుకోవడమంటే, మనిషి ఎదుట ఉండగానే వారి పీట మీద కూర్చోవడంగా తోచింది.

సుచరిత దగ్గరలోని సైబర్ సెంటరుకు వెళ్లి ఆ లినక్స్‌ను పెన్‌డ్రైవులోకి తెచ్చుకుంది. వారిని కుర్చీలో కూర్చోబెట్టి, బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి, పెన్‌డ్రైవు గుచ్చి మీట నొక్కింది. గోటి చప్పుడు, నల్లని తెర, తెల్లని గీత. యంత్రం ఆ పెన్‌డ్రైవు వైపు కన్నెత్తి చూడలేదు. ఫోనులో బిందుశ్రీకి ఏం చేసిందో చెప్పగానే అవతల నుంచి పెద్ద నవ్వు వినబడింది.

“పొట్లం విప్పకుండా మూకుట్లో ఏసి, కూర కాలేదంటే ఎట్లమే?”

సైబర్ సెంటరులో దించుకున్నది పెట్టెలాంటి ఒకే ఒక మూట అట. దాన్ని ఉన్నపాటున పెన్‌డ్రైవులో దాచితే చాలదు. ఒక సాధనంతో, యంత్రం చదువుకోగలిగే క్రమంలో, పెన్‌డ్రైవు మీద అక్షరమక్షరం రాయాలట. నాకు ఆ మాట వెంటనే బోధపడింది. శిల్పి చెక్కి ఇచ్చిన విగ్రహాన్ని గర్భగుడిలో నిలిపినంత మాత్రాన హారతి ఇవ్వము కదా, ఆవాహన జరగాలి. ఆ సంగతి అంటే సుచరిత నవ్వి, అత్తా, ఇప్పుడు మంత్రం సరిగ్గా చెప్పించుకొని వస్తా, అని మిట్టమధ్యాహ్నమే కొంగు తలమీద వేసుకొని మళ్లీ వెళ్లింది. హగరి ఏటి ఇసుక మీదుగా వచ్చే గాలి ఆ నెలలో నిప్పుల మీది గాలి.

ఆవాహన జరిగింది. అయినా మళ్లీ అదే గీత. ఈసారి బిందుశ్రీ నవ్వలేదు. తెర వెలగగానే ఏదో మీటను ఆగకుండా నొక్కమంది. అలా నొక్కితే నీలిరంగు తెర ఒకటి వచ్చింది. సుచరిత దాన్ని వేలితో చూపుతూ చదువుకొని, నాకు చెప్పింది.

“అత్తా, ఇది ఎంతసేపున్నా మొదలు ఆ చెడిపోయిన డిస్కు కాడికే పోతాంది. ఆడ ఏం దొరక్కపోయినా ఆడనే నిలబడతాంది. మొదలు యాడ చూడల్లో మనమే దానికి చెప్పల్ల.”

నా పక్కన కూర్చున్న మావారు ఆ మాట విని తల తిప్పి సుచరిత ముఖంలోకి చూశారు. చాలాసేపు చూశారు. నేను అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

ఆమె ఆ వరుస మార్చి, పెన్‌డ్రైవును ముందు పెట్టింది. ఇప్పుడు యంత్రం దాని గడప దాకా వెళ్లింది గాని, తనకు తెలిసిన ముద్ర దాని మీద లేదని లోపలికి రానివ్వలేదు. ముద్రలు చూసే ఆ కావలివాడి పని మానిపించమంది బిందుశ్రీ. అదీ చేశారు. అప్పుడు తెర మీద తెల్లగా ఏవో పంక్తులు పరుగెత్తి, నడిమధ్య ఒక చిన్న బొమ్మ పుట్టి వెలగసాగింది. సుచరిత కుర్చీ అంచుకు వచ్చి కూర్చుంది. ఆ క్షణంలోనే కరెంటు పోయింది. యంత్రంలో బ్యాటరీ ఎన్నడో చచ్చినది కనుక బొమ్మ కూడా దానితోనే పోయింది. ఆ సాయంత్రం కరెంటు రానే లేదు.

“పోనీలే అత్తా, దారి తెలిసె కదా. రేపు పొద్దున్నే పెడదాం,” అంది. పెన్‌డ్రైవును ఊడదీసి, పోకుండా ఉంటుందని పూజగది గూట్లో పెట్టింది.

మరునాడు శుక్రవారం. పూజ ముగించి నేను వంటింట్లోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి సుచరిత అప్పటికే పెన్‌డ్రైవు గుచ్చి, యంత్రం ముందు కూర్చొని ఉంది. ముఖంలో రంగు లేదు.

“నిన్న వచ్చిండె. ఈరోజు ఏమాయనో అర్థం కాలా. అసలు పెన్‌డ్రైవే లేదంటాంది.”

నీలి తెర తెరిచి వరుసలన్నీ మళ్లీ చూసింది. కావలివాడిని చూసింది. పక్క రంధ్రంలో గుచ్చి చూసింది. ఝాన్సీలక్ష్మి ఆ ఉదయమే పాఠానికి వస్తానని ఉంది. అప్పటికే వైశాఖం వచ్చేసింది, ఒక్క పాఠమూ సరిగా జరగలేదు. బిందుశ్రీ ఫోను ఎత్తడం లేదు. దీపక్ అంగడికి బయలుదేరబోతూ చెప్పులు వేసుకొని కూడా నిలబడిపోయాడు. నా ముందు ఎన్నడూ కంటతడి పెట్టని పిల్ల, చెంగుతో ముక్కు తుడుచుకొని, పెన్‌డ్రైవును బయటికి లాగి వెలుతురుకు పట్టుకుంది. పట్టుకొని అలాగే ఉండిపోయింది.

దాని వీపు మీద గంధపు చుక్క, చుక్క నడుమ కుంకుమ ఉన్నాయి. యంత్రంలోకి వెళ్లే మెరిసే కొస, చూడడానికి ముఖంలాగా ఉండే వైపు, అక్కడ మరింత భక్తిగా పెట్టారు. గంధం లోపలికి దిగి ఎండిపోయి, ఆ సన్నని నోటిని పూడ్చివేసింది.

సుచరిత నా వైపు చూసింది. నేను కాదన్నట్టు తల ఊపాను. తర్వాత ముగ్గురమూ ఒకేసారి కుర్చీ వైపు చూశాం. మావారి ఎడమచేతి ఉంగరపు వేలి కొన మీద గంధం ఎండి ఉంది. గోటి పక్కన కుంకుమ ఎర్రగా ఉంది.

ఆసుపత్రి నుంచి వచ్చిన తర్వాత వారు ఎవరూ చెప్పకుండా తమంతట తాము లేచి చేసిన మొదటి పని అది. చేయి గోడకు ఆనించుకుంటూ పూజగది దాకా వెళ్లి ఉంటారు. ఎడమచేతి గంధాన్ని శాస్త్రం ఒప్పదు. నాకు మాత్రం ఆ వంకర చుక్క కంటె పవిత్రమైన పూజ ఆ గదిలో నేనెప్పుడూ చేయలేదనిపించింది.

దీపక్ ఏదో అనబోయాడు. సుచరిత వాడిని చేతితో ఆపి, కుర్చీ దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది.

“మామా, కొత్త త్రాసు అనుకొని పెట్టినారా?”

వారు ఆమెను చూసి, పెన్‌డ్రైవును చూసి, “తూకం,” అన్నారు. ఈసారి కళ్లు మూసుకోలేదు, తల అడ్డంగా ఊపలేదు.

“మంచి పని చేసినారు. మేమే మరిచితిమి,” అని ఆమె లేచింది. అగ్గిపుల్ల కొసకు దూది చుట్టి, దీపక్ తెచ్చిన స్పిరిట్‌లో తడిపి, శిశువు చెవిని శుభ్రం చేసినంత మెత్తగా ఆ నోటిని తుడిచింది. వీపు మీది చుక్కను మాత్రం ముట్టుకోలేదు. తడి ఆరేదాకా ఫ్యాను కింద పట్టుకొని, మళ్లీ యంత్రానికి గుచ్చి, మీట మీద వేలు ఉంచింది.

అప్పుడు వారు చటుక్కున ముందుకు వంగి ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నారు.

“తూకం,” అన్నారు. “తూకం, తూకం.”

ఏం కావాలి మామా అని ఆమె అడిగింది. నీళ్లా అని దీపక్ అడిగాడు. వారు కాదని తల ఊపారు. పట్టు వదలలేదు. పెన్‌డ్రైవు వైపు గడ్డంతో చూపి, నా వైపు చూసి, మళ్లీ అదే మాట అన్నారు. నుదుట చెమట పట్టింది. ఇన్నేళ్లు ఆ మనిషితో కాపురం చేసినదాన్ని, నాకూ వెంటనే తెలియలేదు. గంధమయింది, కుంకుమయింది. ఆ తర్వాత ఏమిటి?

తెలిసిన తర్వాత కూడా నోరు తెరవడానికి నాకు కొంత సమయం పట్టింది. అంగడి పద్యం ఇంటి నడిమి గదిలో, వారి బదులు నేను. కాని వారే అడుగుతున్నారు. చేతులు జోడించి, నాకు చేతనైనంత నెమ్మదిగా మొదలుపెట్టాను.

తలుపు తీయక మున్ను నీ తలపు తీయ అన్నాను. వారి పట్టు కొంచెం సడలింది. త్రాసు పట్టక మున్ను అన్నాను. పెదవులు కదిలాయి. మూడవ పాదం అందుకున్నాను. బేరమాడక మున్ను నీ, అన్నంత వరకు వచ్చింది, అక్కడ ఊపిరి కోసం ఆగాను. 

“పే—రు పలుక,” అన్నారు వారు.

ఆ ‘పే’ను సాగదీశారు. బజారు చివరిదాకా కాకపోయినా, మా వీధి వాకిలి దాకా సాగదీశారు. ఎప్పుడూ సాగదీయకూడని చోటే సాగదీశారు.

 దీపక్ చెప్పులతోనే గదిలోకి వచ్చి గోడకు ఆనుకున్నాడు, దానికి కూడా నేను ఏమీ అనలేదు. వారు సుచరిత మణికట్టు వదిలి, ఇక కానిమ్మన్నట్టు యంత్రం వైపు చేయి చూపారు. ఆమె మీట నొక్కింది. నొక్కిన తర్వాత ఒక్కరమూ తెర చూడలేదు. ఎప్పుడో తల తిప్పేసరికి నీలాకాశం రంగు నిండిన తెర నెమ్మదిగా వెలుగుతూ మా కోసం ఎదురుచూస్తూ ఉంది.

ఆ ఉదయం ఝాన్సీలక్ష్మి మొదటిసారి మాకు మనిషి ముఖమంత పెద్దగా కనబడింది. జరిగింది చెప్పాను. వారి చేత మళ్లీ అనిపించమంది. నేను మొదలుపెడితే వారు ముగించారు. 

“పాట దారి వేరే అమ్మా. మాట దారి చెడినా, ఆ దారికేం కాలేదు. ఇంక అటునించే పోదాం,” అంది.

సుచరిత బల్ల మీది యంత్రాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. 

ఆనాటి నుంచి మా ఇంటి తీరే మారింది. నిత్యం వాడే మాటలను రాగంలో పెట్టి, చివరి మాటను ఆయనకు వదలమంది ఝాన్సీలక్ష్మి. మా నాయన నేర్పిన ఛందస్సు మంచినీళ్లు అడగడానికి పనికివస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ‘ఎండ మండెను, గొంతుక యెండె’ అని నేను పాడి ఆగేదాన్ని. ఆ పాదానికి మిగిలిన గణాన్ని వారు వెతికేవారు. మొదట తూకం వచ్చేది. మళ్లీ పాడేదాన్ని. ఒక మధ్యాహ్నం, “నీళ్లు” అన్నారు. సుచరిత వంటింట్లోంచి చెంబుతో పరుగెత్తుకొచ్చిన వేగానికి సగం నీళ్లు దారిలోనే పోయాయి. అలాగే అన్నానికి ఒక పాదం, తువ్వాలుకు ఒక పాదం కట్టాను. కోడలి పేరుకు కట్టిన పాదం ఎంతకూ కుదరలేదు. ఆమే ఒక కన్నడ జోలపాట వరుసలో పెట్టుకొని, చివర తన పేరుకు చోటు వదిలి, పాడుతూ కాఫీ ఇచ్చేది. వారు ఆమెను పేరు పెట్టి పిలిచిన రోజు ఆమె బండ్రికి ఫోను చేసి పుట్టింటివారందరికీ చెప్పింది. జోల పాడేది మీరు, నిద్రపోయేది నేను, అని దీపక్ ఎగతాళి చేశాడు. వాడి పేరు ఇంకా రాలేదు. వాడికది లోలోపల బాధ అని నాకు తెలుసు.

జ్యేష్ఠంలో హులిగేశ్ అటువైపు వచ్చి, నడుస్తున్న యంత్రాన్ని చూసి, చేతులు నడుముకు పెట్టుకొని నిలబడ్డాడు. గోటి చప్పుడు సుచరితకు చిరాకుగా ఉందని, లోపలి పాత డిస్కును విప్పి బయటికి తీశాడు. దీన్నేం చేయల్ల అని అరచేతిలో పెట్టుకొని అడిగాడు. మావారు ఎడమచేయి చాపి దాన్ని తీసుకున్నారు. అటూ ఇటూ బరువు చూశారు. కళ్లలో ఒక మెరుపు వచ్చింది.

“తూకం,” అన్నారు, నవ్వుతూ.

పాత సామాను కింద తూచెయ్యమని. ఆ మాట ఆ వేసవిలో మొదటిసారి ఉండవలసిన చోట ఉంది. హులిగేశ్ ఏమీ తెలియక మా అందరినీ చూసి తానూ నవ్వాడు.

పెన్‌డ్రైవు మాత్రం పూజగది గూట్లోనే ఉండేది. పాఠం వేళకు సుచరిత దీపం పక్కనుంచి తీసుకొనేది, అయిపోయాక అక్కడే పెట్టేది. తెర మీద ఒక మూల, దీన్ని యంత్రంలో స్థిరంగా నిలుపుకొమ్మని చెప్పే గుర్తు ఎప్పుడూ కనబడుతూ ఉండేది. కొత్త డిస్కు వేసి ఆ పని కూడా చేద్దామా అని దీపక్ అడిగితే, వద్దు, ప్రతిరోజూ మొదలుపెట్టడమే మేలు అన్నాను.

మృగశిర కార్తె వచ్చి మొదటి వాన కురిసిన మరునాడు వారు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా ముందు పెట్టుకొని కూర్చున్నారు. ఎక్కడికి అని నేను అడగలేదు. దీపక్ ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకొని బజారుకు తీసుకువెళ్లాం. బురద ఇంకా ఆరలేదు. అంగడుల వాళ్లు ఒక్కొక్కరే మెట్లు దిగి వచ్చి, దూరంగానే నిలబడ్డారు. గాళెప్ప మల్లెల మీద నీళ్లు చల్లడం ఆపి లేచాడు. పరాచికమాడలేదు.

వారు ఎడమచేయి షట్టరు మీద వేశారు. దీపక్ కిందికి వంగి పట్టుకున్నాడు. నేను మొదటి మాట అందించబోయాను, కాని వారే మొదలుపెట్టారు. తలుపు, త్రాసు, బేరం, ఒక్కొక్క పాదం చెయ్యి పట్టుకొని నడిచినట్టు వచ్చింది. ‘పేరు’ దగ్గర సాగదీసినప్పుడు వెనుక ఎవరో చిన్నగా నవ్వారు, ఆ నవ్వులో తడి ఉంది. నాలుగవ పాదం వచ్చింది. పంపవిభుఁడ, నాకిమ్ము నీ, అన్నారు.

అక్కడ ఆగిపోయారు.

ఇంట్లో ఎన్నోసార్లు దాటిన చోటే. ఇప్పుడు అందలేదు. మళ్లీ నాకిమ్ము నీ అన్నారు.  ఎదురుగా తూకం అనే మాట వచ్చి నిలబడిందని, దాన్ని బయటికి రానీయకుండా పళ్లు బిగించారని నేను చూశాను. అందివ్వడానికి నోరు తెరిచాను.

“పలుకుతోడు,” అన్నాడు గాళెప్ప. “శెట్రే, పలుకుతోడు. ఇన్నేళ్లు ఇంటిమే, నాకు రాకుండా పోతాదా?”

మావారు అతని వైపు తిరిగారు. చూసి, తల పంకించి, ఆ మాటను అతని దగ్గర తీసుకున్నట్టు తీసుకున్నారు.

“పలుకు… తోడు,” అన్నారు.

దీపక్ షట్టరు ఎత్తాడు. గాళెప్ప మెట్లెక్కి వచ్చి, ఒక మూర మల్లెలు త్రాసు కొక్కేనికి తగిలించాడు. త్రాసు కాసేపు ఊగింది. వారు ఎడమచేయి దాని మీద వేసి, ఆ ఊగడం నిలిచేదాకా అలాగే పట్టుకున్నారు.